పేటెంట్ అంటే దాపరికం లేనిది

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినబడుతోంది కదా? సరే. నన్ను పిలిచినవాళ్లు "లాయర్‌గారూ, ఇంగ్లీషు నేర్చుకునే పిల్లలూ వస్తారు, కోర్టు జూనియర్లూ వస్తారు, ఇద్దరికీ పనికొచ్చేది ఏదైనా చెప్పండి" అన్నారు. అలాంటిదంటే నాకు తట్టింది ఒకే ఒక్క మాట. పేటెంట్.

ఇందులో తెలియనిదేముంది అనుకుంటున్నారు, మీ మొహాలు చూస్తుంటే తెలుస్తోంది. ఈ మాట తెలుగులో ఎప్పుడో కలిసిపోయింది. "అదేమైనా నీ పేటెంటా?" అంటాం. ఎవరైనా ఒకే డైలాగ్ పదే పదే కొడుతుంటే "అది వాడి పేటెంట్" అంటాం. ఒకరికే సొంతం, పక్కవాడు ముట్టుకోకూడదు అని మన లెక్క. నేను మాట్లాడబోయేది ఆ పేటెంట్ గురించి కాదు, దాని పక్కనే ఇంకో పేటెంట్ ఉంది, విశేషణం, దాని గురించి. 'ఎ పేటెంట్ లై' అంటే పచ్చి అబద్ధం. 'పేటెంట్ నాన్సెన్స్' అంటే ఎవరికీ విప్పి చెప్పనక్కర్లేని అర్థంలేని మాట. 'పేటెంట్లీ అన్‌ఫెయిర్' అంటే చూడగానే అన్యాయమని తెలిసిపోయేది. మా ఆఫీసులో ఒక జూనియర్ నా డ్రాఫ్ట్ చదివి, "సార్, అబద్ధానికి పేటెంట్ ఎవరిచ్చారు సార్?" అని అడిగాడు. (నవ్వులు) నవ్వకండి, మంచి ప్రశ్నే అది. సొంత హక్కు అనే అర్థమూ, అందరికీ కనబడేది అనే అర్థమూ ఒకే మాటలోకి ఎలా వచ్చి చేరాయి? ఒకటేమో 'నాది, నువ్వు ముట్టుకోకు' అంటుంది, రెండోదేమో 'ఇదిగో, అందరూ చూడండి' అంటుంది.

మూలం లాటిన్‌లో ఉంది. 'పటేరె' అంటే తెరుచుకుని ఉండటం. తలుపు తెరిచుంటే, మైదానం అడ్డంకి లేకుండా పరుచుకుని ఉంటే ఆ క్రియ వాడేవాళ్లు. ఇంకా వెనక్కి వెళ్తే పరచడం, చాచడం, విప్పడం అనే అర్థమున్న ధాతువు తగులుతుంది. గ్రీకు వైపు నుంచి వచ్చిన 'పెటల్', అంటే విచ్చుకున్న పూరేకు, దీనికి చుట్టమే. సముద్రం లోతు కొలిచే 'ఫాథమ్' కూడా చుట్టమే, రెండు చేతులూ బార్లా చాపితే వచ్చే కొలత అది, అంటే అచ్చంగా మన బారెడు.

ఆ 'తెరుచుకుని ఉన్న' అనే పాత అర్థం చచ్చిపోలేదు, మీ ఇళ్లలోనే ఉంది. గుండెకి స్టెంట్ వేయించుకున్నవాళ్లు మీ బంధువుల్లో ఎవరో ఒకరుంటారు. వాళ్లకి మళ్లీ యాంజియోగ్రామ్ తీసినప్పుడు రిపోర్టులో 'ఎల్ఏడీ స్టెంట్ పేటెంట్' అని రాస్తారు. ఎల్ఏడీ అంటే గుండెకి రక్తం ఇచ్చే ఒక ముఖ్యమైన నాళం. ఇంట్లోవాళ్లు ఆ కాగితం పట్టుకుని ఏదో ఖరీదైన కంపెనీ సరుకు వేశారు కాబోలు అనుకుంటారు. కంపెనీకీ దానికీ సంబంధం లేదు. స్టెంట్ మూసుకుపోలేదు, తెరిచే ఉంది, రక్తం సాఫీగా పోతోంది అని అర్థం. శుభవార్త అన్నమాట.

అదే మాట పసిబిడ్డ ఎకో రిపోర్టులో వస్తే మాత్రం అమ్మానాన్నలకి టెన్షన్. పేటెంట్ డక్టస్ ఆర్టీరియోసస్, డాక్టర్లు పొట్టిగా పీడీఏ అంటారు. తల్లి కడుపులో ఉన్నంతకాలం బిడ్డ ఊపిరితిత్తులతో గాలి పీల్చదు కాబట్టి, ఊపిరితిత్తులకి వెళ్లే రక్తనాళానికీ బృహద్ధమనికీ మధ్య ఒక అడ్డదారి ఉంటుంది. పుట్టిన కొద్ది రోజుల్లో ఆ దారి దానంతటదే మూసుకుపోవాలి. మూసుకోకుండా మిగిలిపోతే దాన్ని 'పేటెంట్' అంటారు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో ఇది ఎక్కువ. చూడండి, స్టెంట్ దగ్గర మంచిది, ఇక్కడ చెడ్డది, మాట అర్థం మాత్రం రెండు చోట్లా ఒకటే. తెరిచి ఉంది.

ఇప్పుడు హక్కు సంగతికి వద్దాం. ఈ కథ నాకు చాలా ఇష్టం, కాబట్టి కాస్త ఎక్కువ సేపు చెబుతాను, ఓపిక పట్టండి.

ఇంగ్లండు రాజుగారి ఆఫీసు నుంచి ఉత్తరాలు రెండు రకాలుగా వెళ్లేవి. ఒకటి 'లెటర్స్ క్లోజ్', మడతపెట్టి, మడత మీద లక్క ముద్ర వేసి, ఒక్క మనిషికి పంపేది. ముద్ర పగలగొడితే తప్ప చదవలేరు. రెండోది 'లెటర్స్ పేటెంట్'. మడత లేదు, దాపు లేదు, తోలు కాగితం బారుగా తెరిచే ఉంటుంది, ముద్ర కింద దారానికి వేలాడుతూ ఉంటుంది. ముద్ర చెక్కుచెదరకుండానే ఎవరైనా చదువుకోవచ్చు. ఎందుకంటే ఆ ఉత్తరం ఫలానా వ్యక్తికి రాసింది కాదు, 'ఇది ఎవరెవరి కంటపడుతుందో వాళ్లందరికీ' అని మొదలవుతుంది. మన పాత శాసనాల్లో 'సకల జనులకు తెలియజేయడమేమనగా' అనే ధోరణి ఉంటుంది చూశారా, అలా. ఫలానా ఆయనకి ఫలానా భూమి ఇచ్చాను, ఫలానా పదవి ఇచ్చాను, ఫలానా ఊళ్లో సంత పెట్టుకోనిచ్చాను, అందరూ గమనించండి అని. 1201 నుంచీ వీటి నకళ్లు చుట్టలు చుట్టి దాచుకుంటూ వచ్చారు, వాటినే పేటెంట్ రోల్స్ అంటారు.

అంటే అప్పట్లో 'పేటెంట్' అనేది హక్కు పేరు కాదు, ఉత్తరం రకం పేరు. తెరిచిన ఉత్తరం. 1449లో ఆరో హెన్రీ, ఫ్లాండర్స్ నుంచి వచ్చిన జాన్ ఆఫ్ యుటినమ్ అనే పనివాడికి ఇలాంటి ఉత్తరం ఒకటి ఇచ్చాడు. రంగు గాజు చేసే విద్య అతనికి తెలుసు, ఇంగ్లండులో ఎవరికీ తెలియదు. ఈటన్ కాలేజీ కిటికీలకి ఆ గాజు కావాలి. అందుకని 20 ఏళ్ల పాటు ఆ పద్ధతిలో గాజు ఇంకెవరూ చేయకూడదు, ఇతను మాత్రం ఆ విద్య మనవాళ్లకి నేర్పాలి అని ఏర్పాటు. ఈ రెండో షరతు గుర్తుపెట్టుకోండి.

తర్వాత తర్వాత రాజులకీ రాణులకీ ఇది మంచి ఆదాయమార్గం అయిపోయింది. మొదటి ఎలిజబెత్ కాలానికి ఉప్పు, గంజిపొడి, పేకముక్కలు, ఇలా దేనికి పడితే దానికి గుత్తహక్కులు రాసిచ్చేశారు. కొత్తగా కనిపెట్టిందేమీ లేదు, రాణిగారి దగ్గర పలుకుబడి ఉంటే చాలు. 1601లో పార్లమెంటులో ఈ గుత్తల జాబితా చదువుతుంటే హేక్‌విల్ అనే సభ్యుడు లేచి, "అందులో రొట్టె లేదా?" అని అడిగాడు. సభంతా ఉలిక్కిపడితే, ఇప్పుడే ఏదో ఒకటి చేయకపోతే వచ్చే సభ నాటికి రొట్టె కూడా ఉంటుంది అన్నాడు. చివరికి 1624లో చట్టం వచ్చింది. గుత్తలు చాలావరకు రద్దు, కొత్త ఆవిష్కరణలకి మాత్రం 14 ఏళ్లు అనుమతి. ఉత్తరాల్లో మిగతా రకాలు మెల్లగా జనం నోట్లోంచి జారిపోయాయి, ఈ ఒక్క రకమే నిలబడింది, దాంతో 'తెరిచిన ఉత్తరం' అనే మాట 'ఆవిష్కరణ హక్కు' అయి కూర్చుంది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. పేటెంట్ అంటే రహస్యం కాపాడుకోవడం అనుకుంటారు. పూర్తిగా తలకిందులు. పేటెంట్ కావాలంటే నువ్వు కనిపెట్టింది ఎలా చేస్తావో, ఆ రంగంలో పనితనం ఉన్నవాడు చదివి చేసుకోగలిగేంత వివరంగా రాసివ్వాలి. దాన్ని ప్రచురిస్తారు. అలా బయటపెట్టినందుకు ప్రతిఫలంగా 20 ఏళ్లు హక్కు. రంగు గాజు విద్య నేర్పాలన్న షరతు లాంటిదే. రహస్యంగా ఉంచుకోదలిస్తే అసలు పేటెంట్ ఆఫీసు గడప తొక్కకూడదు. అంటే హక్కు అనే అర్థంలో కూడా 'తెరిచి ఉండటం' పోలేదు, మనం చూడటం మానేశాం, అంతే.

జూనియర్లకి ఇంకో మాట. హైకోర్టులో సింగిల్ జడ్జి ఆర్డర్ మీద అదే హైకోర్టు బెంచికి రిట్ అప్పీలు వేసేటప్పుడు పైన ఏం టైప్ చేయిస్తారు? (సభలోంచి: "క్లాజ్ 15, లెటర్స్ పేటెంట్!") అదీ! టైప్ చేయిస్తాం గానీ అదేమిటని ఎవరం ఆలోచించం. విక్టోరియా రాణి మద్రాసు హైకోర్టుకి ఇచ్చిన తెరిచిన ఉత్తరం అది, 1865 నాటిది. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు పెట్టినప్పుడు మద్రాసు హైకోర్టుకున్న అధికారాలు దానికి సంక్రమించాయి, 1956లో హైదరాబాదు వచ్చాక కూడా ఆ ఉత్తరం వెంట వచ్చింది. రాణి పోయింది, సామ్రాజ్యం పోయింది, ఆ ఉత్తరంలోని 15వ పేరా మాత్రం ఇవాళ్టికీ మన అప్పీలు కాగితాల మీద ఉంది.

సరే, విశేషణం దగ్గరికి. తెరిచి ఉన్నది కాబట్టి కంటికి కనబడుతుంది, కనబడుతుంది కాబట్టి వివరించక్కర్లేదు. అర్థం ఇలా జరిగింది. దీన్ని బాగా సాన పట్టింది కోర్టులు. ఫ్రాన్సిస్ బేకన్ అని వింటుంటారు, తత్వవేత్తగా. ఆయన వృత్తిరీత్యా మా వాడే, లాయరు. దస్తావేజుల్లో వచ్చే అస్పష్టతని ఆయన రెండుగా విడగొట్టాడు, పేటెంట్, లేటెంట్ అని. పైకి కనిపించేది, లోపల దాగినది. ఆ రెండు ముక్కలే తిరిగి తిరిగి మన 1872 సాక్ష్య చట్టంలోకి వచ్చాయి. ఉదాహరణలు కూడా చట్టంలోనే ఉన్నాయి, నేను కల్పించేవి కావు.

మొదటిది. 'ఎ' అనే వ్యక్తి 'బి'కి ఒక గుర్రాన్ని "1,000 లేదా 1,500 రూపాయలకి" అమ్ముతానని రాసిచ్చాడు. కాగితం చూస్తేనే తెలిసిపోతోంది తేడా ఉందని. వెయ్యా, పదిహేను వందలా? ఇది పేటెంట్. చట్టం ఏమంటుందంటే, ఇలాంటప్పుడు సాక్షుల్ని తెచ్చి "మేం అనుకున్నది వెయ్యేనండీ" అని చెప్పించడం కుదరదు. రాసుకునేటప్పుడు కళ్లెదుట ఉన్న లోపాన్ని చూసుకోకపోతే కోర్టు పూరించి పెట్టదు.

రెండోది. 'ఎ' అనే ఆయన "కలకత్తాలోని నా ఇల్లు" అని 'బి'కి అమ్మేశాడు. కాగితం ఎంత చక్కగా ఉందో చూడండి, వంక పెట్టడానికి లేదు. తీరా చూస్తే ఆయనకి కలకత్తాలో ఇల్లే లేదు, హౌరాలో ఉంది, దస్తావేజు రాసుకున్నప్పటి నుంచీ 'బి' ఆ హౌరా ఇంట్లోనే ఉంటున్నాడు. కాగితంలో కనపడని ఈ తిరకాసు లేటెంట్. దీనికి సాక్ష్యం ఇవ్వచ్చు. ఆ చట్టం పోయి 2024 జూలై నుంచి కొత్త సాక్ష్య అధినియమ్ వచ్చింది గానీ ఈ తేడా అలాగే ఉంది.

ఇల్లో ఫ్లాటో కొనేవాళ్లకి ఇది ఇంకా దగ్గరి సంగతి. 1882 ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, అమ్మేవాడికి తెలిసి, కొనేవాడికి తెలియక, మామూలు జాగ్రత్తతో చూసినా కొనేవాడి కంటపడని ముఖ్యమైన లోపం ఏదైనా ఉంటే అమ్మేవాడే చెప్పి తీరాలి. మామూలుగా చూస్తే కనబడేదైతే చెప్పక్కర్లేదు. హాలు గోడకి పైనుంచి కిందికి పగులు ఉంది, నువ్వు వచ్చి, చూసి, కాఫీ తాగి, అడ్వాన్స్ ఇచ్చి వెళ్లావు. తర్వాత "పగులు సంగతి నాకు చెప్పలేదు" అంటే ఎవరూ వినరు, అది పేటెంట్ డిఫెక్ట్. కానీ టైల్స్ కింద డ్రైనేజీ పైపు విరిగి ఉండటం, అది అమ్మేవాడికి తెలిసి, కొత్త టైల్స్ పరిచి మూసేయడం, అది లేటెంట్. దానికి వాడు జవాబు చెప్పాలి. ఇక్కడ పేటెంట్ అనే మాట కొనేవాడి పక్షాన లేదు చూశారా? కనబడుతోంది కాబట్టి, చూసుకోవాల్సిన బాధ్యత నీదే అంటోంది.

ఇప్పుడు కర్నూలు వెళ్దాం. నేను ఈ మాట ఎంచుకున్నదే ఈ కేసు కోసం. తుంగభద్ర ఇండస్ట్రీస్ అనే కంపెనీ వేరుశనగ నూనె తీసి, దానికి హైడ్రోజన్ పట్టించి వనస్పతి చేసేది. అలా గడ్డకట్టిన నూనె ఇంకా వేరుశనగ నూనేనా, లేక వేరే వస్తువా అన్నది సేల్స్ టాక్స్ తగాదా. హైకోర్టు కంపెనీకి వ్యతిరేకంగా తేల్చింది, కానీ ఇది పెద్ద ప్రశ్నే, సుప్రీంకోర్టుకి వెళ్లొచ్చు అని సర్టిఫికెట్ ఇచ్చింది. 1960లో సుప్రీంకోర్టు, గడ్డకట్టినా అది వేరుశనగ నూనే అని కంపెనీ పక్షాన తీర్పిచ్చింది. అది ఒక సంవత్సరపు పన్ను గొడవ. ఈలోగా ఇంకో సంవత్సరపు పన్ను మీద అదే కంపెనీ, అదే ప్రశ్న, అదే హైకోర్టు. 1959లో ఏమందో తెలుసా? ఇందులో చెప్పుకోదగ్గ న్యాయప్రశ్న ఏమీ లేదు, సర్టిఫికెట్ ఇవ్వం అంది! (నవ్వులు) ఒకసారి ఉందన్న ప్రశ్న, రెండోసారి లేకుండా ఎలా పోయింది? కంపెనీ రివ్యూ వేసింది, అంటే మీరిచ్చిన ఆర్డర్ మీరే మళ్లీ చూడండి అని అదే కోర్టుని అడిగింది, అదీ కొట్టేశారు, మళ్లీ సుప్రీంకోర్టుకి వెళ్లింది.

1963లో ఆ తీర్పులో ఒక వాక్యం ఉంది, జూనియర్లందరూ రివ్యూ పిటిషన్ వేసే ముందు ఒకసారి చదువుకోవాలి. రివ్యూ అంటే మారువేషంలో వచ్చిన అప్పీలు కాదు, 'పేటెంట్ ఎర్రర్' ఉంటేనే అది నిలుస్తుంది అని. పేటెంట్ ఎర్రర్ అంటే ఏమిటో కూడా అక్కడే చెప్పారు. పెద్ద వాదన అక్కర్లేకుండా, ఇదిగో ఈ తప్పు అని వేలు పెట్టి చూపించగలగాలి, దాని మీద రెండు అభిప్రాయాలకి తావుండకూడదు. అంతకుముందు 1959లోనే ఇంకో కేసులో, సుదీర్ఘమైన తర్కం నడిపితే గానీ తేలని తప్పు, అదీ రెండు అభిప్రాయాలకి వీలున్న చోట, పైకి కనబడే తప్పు కాదని సుప్రీంకోర్టు అనేసింది. కర్నూలు కంపెనీకి ఆ గీటురాయి సరిపోయింది, రివ్యూ ఒప్పుకోవాల్సిందే అన్నారు.

ఆ తీర్పు రాసింది జస్టిస్ ఎన్. రాజగోపాల అయ్యంగార్. మన పేటెంట్ చట్టాన్ని ఎలా తిరగరాయాలో 1959లో కేంద్రానికి నివేదిక ఇచ్చిందీ ఆయనే, 1970 పేటెంట్స్ యాక్ట్ దాని పునాది మీద లేచిందే. ఒకే మనిషి, ఒకే మాటలోని రెండు అర్థాల మీదా చెయ్యి వేశాడు. ఇది యాదృచ్ఛికమే అనుకోండి, కానీ నాకు తలుచుకున్నప్పుడల్లా సరదాగా ఉంటుంది.

కాబట్టి నా గొడవ ఏంటంటే, 'పేటెంట్' అన్నది గట్టిగా అరవడానికి వాడే మాట కాదు. 'చాలా తప్పు' అనే చోట 'పేటెంట్లీ రాంగ్' అని పడేయడం అలవాటైపోయింది. ఆర్బిట్రేషన్ అవార్డుల మీద, అంటే కోర్టు బయట మధ్యవర్తి ఇచ్చిన తీర్పుల మీద, వేసే పిటిషన్లు చూడండి. 2015 సవరణ తర్వాత ఆర్బిట్రేషన్ చట్టం 34వ సెక్షన్‌లో 'పేటెంట్ ఇల్లీగాలిటీ' అని ఒక కారణం చేర్చారు, అవార్డు ముఖం మీదే కనిపించే చట్టవిరుద్ధత ఉంటే దేశీయ ఆర్బిట్రేషన్లలో దాన్ని కొట్టేయొచ్చని. ఆ వెంటనే, చట్టాన్ని తప్పుగా అన్వయించారనో, సాక్ష్యాన్ని మళ్లీ తూచాలనో మాత్రం కొట్టేయకూడదని కూడా రాశారు. అయినా మనవాళ్లు పేటెంట్ ఇల్లీగాలిటీ అని హెడ్డింగ్ పెట్టి, కింద నలభై పేజీలు రాస్తారు. నలభై పేజీలు చదివితే గానీ కనబడనిది పేటెంట్ ఎలా అవుతుందండీ? ఆ హెడ్డింగ్‌ని ఆ నలభై పేజీలే ఓడిస్తున్నాయి.

ఇంగ్లీషు విద్యార్థులకి వాడుక గురించి రెండు ముక్కలు. మామూలు మాటల్లో జనం 'ఆబ్వియస్' అంటారు, పేటెంట్ అనేది రాతలో, ఉపన్యాసంలో, కోర్టులో ఎక్కువ. విశేషణం కంటే 'పేటెంట్లీ' ఎక్కువ తగులుతుంది, దాని పక్కన దాదాపు ఎప్పుడూ చెడ్డమాటే ఉంటుంది. ఫాల్స్, అబ్సర్డ్, అన్‌ఫెయిర్, అన్‌ట్రూ. అమెరికా సుప్రీంకోర్టు 1973లో అశ్లీలతకి పెట్టిన పరీక్షలో 'పేటెంట్లీ అఫెన్సివ్' అనే మాట వాడింది. 'పేటెంట్లీ బ్యూటిఫుల్' అని ఎవరూ అనరు, అంటే వినేవాడు అదోలా చూస్తాడు. 'వెరీ పేటెంట్' అనకండి, తెరిచిన తలుపుని ఇంకా తెరవడమేమిటి. ఉచ్చారణకొస్తే, ఈ విశేషణం బ్రిటన్‌లో 'పేటెంట్', హక్కు గురించైతే అక్కడ రెండూ వింటాం, అమెరికాలో హక్కుని 'ప్యాటెంట్' అంటారు. మనం అన్నిటికీ పేటెంట్ అనేస్తాం, ఏం ఫరవాలేదు.

ప్రశ్నలుంటే అడగండి. చెప్పమ్మా.

(ఒక విద్యార్థిని: "సర్, బ్లేటంట్ అన్నా పేటెంట్ అన్నా ఒకటేనా?")

బాగా అడిగావు, కాదు. 'బ్లేటంట్' అనేది స్పెన్సర్ అనే కవి 1596లో అచ్చేసిన కావ్యంలో పుట్టించిన మాట. అందులో నిందలు మోసుకు తిరిగే ఒక మృగం ఉంటుంది, బ్లేటంట్ బీస్ట్, ఒకచోట దానికి వంద నాలుకలు, ఇంకోచోట వెయ్యి. మొదట్లో బ్లేటంట్ అంటే గోల చేసేది, చెవులు చిల్లులు పడేలా అరిచేది అనే అర్థం, చాలాకాలం తర్వాత 'సిగ్గులేకుండా బాహాటంగా' అనే వైపు వచ్చింది. అందుకే బ్లేటంట్ అంటే మనిషి బుద్ధిని తప్పుపడుతున్నాం. పేటెంట్‌లో ఆ నింద లేదు. గుమాస్తా పాపం నిద్రమత్తులో 2024 బదులు 2042 అని టైప్ చేశాడనుకో, అది పేటెంట్ ఎర్రర్, బ్లేటంట్ కాదు. అదే గుమాస్తా డబ్బు తీసుకుని అందరి ముందే తేదీ దిద్దితే బ్లేటంట్. మన 'బరితెగించి' అనేది బ్లేటంట్ వైపు. 'ముంజేతి కంకణానికి అద్దమెందుకు' అంటామే, అది పేటెంట్‌కి సరిగ్గా సరిపోతుంది.

అన్నట్టు 'మానిఫెస్ట్' అని ఇంకోటి, అర్థంలో చుట్టం, స్పష్టంగా కనబడేది అని. అందులో లాటిన్ 'చెయ్యి' ఉంది. రోమన్ చట్టంలో దొంగ సరుకుతో సహా దొరికిపోతే 'మానిఫెస్ట్' దొంగతనం, నాలుగింతలు కట్టాలి. తర్వాత ఎప్పుడో తేలితే రెండింతలే.

(ఒక యువకుడు: "మరి 'పేటెంట్లీ ఆబ్వియస్' అని రాస్తుంటారు కదా సార్? రెండూ ఒకటే అర్థం కదా?")

మనం 'మెయిన్ ముఖ్యంగా' అనట్లేదూ? 'నడి సెంటర్లో' అనట్లేదూ? (నవ్వులు) ఇంగ్లీషువాళ్లూ మనుషులే. మాట్లాడేటప్పుడు అనండి, పరీక్షలో, పిటిషన్లో రాయకండి.

కానీ ఈ రెండు మాటలూ పక్కపక్కన నిలబడే చోటు నిజంగా ఒకటుంది, అదే పేటెంట్ ఆఫీసు. ఆబ్వియస్ అయినదానికి పేటెంట్ ఇవ్వరు. మన చట్టంలో కూడా, ఆ రంగంలో పనితనం ఉన్నవాడికి ఆబ్వియస్‌గా తోచేదైతే ఆవిష్కరణే కాదు. పసుపు కేసు గుర్తుందా? 1995లో అమెరికాలో మిసిసిపీ యూనివర్సిటీ మెడికల్ సెంటర్ వాళ్లకి, గాయం మాన్పడానికి పసుపు వాడకం మీద పేటెంట్ ఇచ్చారు. దెబ్బ తగిలితే పసుపు పెట్టడం ఇక్కడ ఏ ఇంట్లో తెలియదు? కానీ 'మా అమ్మమ్మకి తెలుసు' అంటే అక్కడ చెల్లదు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం బయటి దేశంలో జనం వాడుకలో ఉన్నదాన్ని లెక్కలోకి తీసుకోరు, ఎక్కడైనా అచ్చులో ఉంటేనే తీసుకుంటారు. అందుకని మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ వాళ్లు పాత సంస్కృత గ్రంథాలూ, 1953లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన వ్యాసమూ అన్నీ పట్టుకెళ్లి పెట్టాల్సి వచ్చింది. 1997లో పేటెంట్ రద్దయింది. కోట్లమందికి కళ్లెదుట ఉన్నది కూడా అక్కడి గుమాస్తా బల్ల మీద కాగితంగా లేకపోతే ఆబ్వియస్ కాదన్నమాట. 2001లో సంప్రదాయ విజ్ఞానానికి డిజిటల్ లైబ్రరీ మొదలుపెట్టింది ఈ తలనొప్పి మళ్లీ రాకుండానే.

ఇంకెవరైనా? చెప్పండి పెద్దాయనా.

(ఒక పెద్దాయన: "బాబూ, మా ఆవిడ రిపోర్టులో 'గ్రాఫ్ట్స్ పేటెంట్' అని ఉంది. బైపాస్ అయింది. మరి అది మంచిదేనా?")

బైపాస్ అయ్యాక ఆ మాట ఉంటే, వేసిన నాళాలు తెరిచే ఉన్నాయని అండీ. మిగతాది మీ డాక్టరుగారిని అడగండి, నేను చెప్పగలిగింది ఆ ఒక్క మాట వరకే.